ఒంటిపోగు సంచి

పెద్దమ్మ పేరు చెప్పను. పోయినవాళ్ల పేరు మా వాయూ తెగ ఇళ్లలో పలకరు. బయటివాళ్లెవరైనా మా ముందు పలికితే పంచాయితీ పెట్టి పరిహారంగా మేకలు అడుగుతాం. కాబట్టి పెద్దమ్మ అనే అంటాను. మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్నూ, చెల్లెలు దెల్మిరానీ సాకింది ఆమే. ఒక ఎండాకాలంలో ఆమె విషయంలో నేనొక పని చేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు మేకలు పిట్టల్లా రాలిపోయాయి. గాలిమర బావిలో నీళ్లు గాడిద కూడా మూతి పెట్టనంత ఉప్పగా మారాయి. సరిగ్గా అప్పుడే దెల్మిరా పెద్దమనిషైంది. జుట్టు కత్తిరించి, వాసాలకు ఎత్తుగా కట్టిన ఊయలలో పడుకోబెట్టి, ఆకుపసరు తాగించి, జెముడు కర్రల గుడిసె తలుపు మూసేశాం. మగవాడి నీడ కూడా దాని మీద పడకూడదు. మొదటి నెల ఊరికే ఉండాలి. నెల దాటాక ఇంట్లో ఒక ఆడమనిషి లోపలికి వెళ్లి పిల్ల పక్కన కూర్చుంటుంది. సంచి అల్లడం, ఊయల నేయడం, నోరు అదుపులో పెట్టుకోవడం, అన్నీ ఆమే నేర్పుతుంది. పిల్ల బయటికి వచ్చిన రోజు నుంచి చచ్చేదాకా అది ఏ సంచి అల్లినా, తిప్పి చూసి, ఇది ఫలానా ఆమె చేయి అంటారు. ఆ ఎండాకాలం మా ఇంట్లో ఉన్న ప్రశ్న ఒక్కటే. దెల్మిరా పక్కన కూర్చునేది పెద్దమ్మా, నేనా?

అంతకు రెండేళ్ల ముందైతే ఈ ప్రశ్న అడిగినవాణ్ని పిచ్చివాడనేవాళ్లు. మా వంశంలో పదకొండు మంది ఆడపిల్లల పక్కన కూర్చున్నది పెద్దమ్మే. తనకు పిల్లల్లేరు. ఆ పదకొండు జతల చేతులే తన సంతానమని పొంగిపోయేది. కానీ ఆమె కళ్లకు తెల్లటి పొర కమ్మింది. పొయ్యి మీది కుండను కాలితో తన్ని, అడ్డమొచ్చినందుకు కుండను తిట్టేది. నేను ఎదురుగా నిలబడితే, చెంతా వచ్చావా కూర్చో అనేది. చెంతా పక్క గుడిసెల్లో ఉండే పుషాయినా వంశం వాళ్ల ఆడది, పెద్దమ్మకు చిన్ననాటి స్నేహితురాలు, నాకంటే ముప్పై ఏళ్లు పెద్దది.

నా పక్కన కూర్చున్నదీ పెద్దమ్మే. మామూలుగా ఆడపిల్లల్ని నాలుగైదు నెలలకు బయటికి తెస్తారు. నన్ను రెండు వానాకాలాలు లోపలే ఉంచింది. నేను సంచి అల్లి చేతికిచ్చేదాన్ని. వేళ్లతో ఒకసారి తడిమి, విప్పు అనేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. పొద్దంతా అల్లినది నా చేత్తోనే విప్పించేది. ఏడిస్తే, కన్నీళ్లు పడి నూలు రంగు దిగుతుంది, అటు తిరిగి ఏడువు అనేది. బయటికి వచ్చేసరికి నాతోటి పిల్లలకు పెళ్లిళ్లై బిడ్డలు పుట్టారు. పోనీ నా అల్లికకు నాకైనా పేరొచ్చిందా? ఏ సంచి అల్లినా ఆడవాళ్లు లోపలికి తిప్పి చూసి, పెద్దావిడ చేయి, ఎక్కడికి పోతుంది అనేవాళ్లు. వేళ్లు నావి, అరిగిన గోళ్లు నావి, చేయి మాత్రం ఆమెదట. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండిపోయేది.

ఆమె నాకిచ్చింది ఒక్కటుంది, కన్ను. దానివల్లే ఆ ఏడు నాకు పని దొరికింది. రియోహాచా పట్నం నుంచి మర్లేనీ అనే ఆవిడ ప్రతి శనివారం బండిలో వచ్చి బడి అరుగు మీద సంచులు కొనేది. మా మనిషి కాదు, మేం అలిహూనా అనే బయటి జాతి. సంచి అందంగా ఉందో లేదో చెప్పగలదు గానీ, బాగుందో లేదో చెప్పలేదు. అందుకని ఏరడానికి నన్ను పెట్టుకుంది. నేను ఏరి పెట్టింది కొనేది, నేను వద్దన్నది ముట్టుకునేది కాదు.

సంచి చేతికి రాగానే ముందు నేల మీద నిలబెట్టేదాన్ని. మంచి సంచి ఖాళీగా ఉన్నా కూలబడదు. తర్వాత అడుగున బొటనవేలితో పొడిచేదాన్ని. వేలు దిగితే జంటపోగుతో ఆదరాబాదరా అల్లినదని అర్థం. ఒంటిపోగుతో బిగించి అల్లిన అడుగు వేలిని వెనక్కి తోస్తుంది, దానిలో నీళ్లు పోసినా చాలాసేపు కారవు. ఆ పైన లోపలి వైపు బయటికి తిప్పేదాన్ని. బయట ముఖానికి రంగు ఎవరైనా పూసుకుంటారు. లోపల ముడులున్నాయా, రంగు మారిన చోట పోగు వేలాడుతోందా, తాబేటి డిప్ప ముగ్గు గళ్లలో లెక్క తప్పిందా, పట్టీని సంచితో కలిపి అల్లారా లేక సూదితో ఊరికే తగిలించారా, అన్నీ అక్కడ బయటపడతాయి.

తప్పు దొరికితే తిప్పి ఇచ్చేస్తే సరిపోయేది. నేను ఇచ్చేదాన్ని కాదు. ఆ ఆడమనిషి వేలు పట్టుకుని తప్పు ఉన్నచోట పెట్టి చూపించి, మూతి దగ్గర ఆఖరి గడి తెంపి, అందరి ముందూ లాగేదాన్ని. ఇది నేర్చుకున్న విద్యే కదా అనుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, అలా లాగుతుంటే నాకు హాయిగా ఉండేది. మొదటి శనివారమే చెంతా సంచి విప్పాను. ఇరవై రోజుల పని తల్లీ అని ఆమె గొణిగింది.

“ఇరవై రోజులూ అల్లావా, కునికావా?” అన్నాను.

అరుగంతా నవ్వులు. చెంతా కూడా నవ్వినట్టు ముఖం పెట్టి, పోగంతా ఉండ చుట్టుకుని వెళ్లిపోయింది. పోయిన వారం దాకా నన్ను అమ్మాయ్ అని పిలిచిన ఆడవాళ్లు ఆ తర్వాత నాకు మేక కాలేయం వేయించి తెచ్చి పెట్టడం మొదలుపెట్టారు. తినేదాన్ని, తిని మరీ వాళ్ల సంచులు విప్పేదాన్ని.

దెల్మిరాను లోపల పెట్టి నాలుగు రోజులైందేమో, ఎవరిస్తో అని మా మేనమామ, అందరినీ పందిరి కింద కూర్చోబెట్టాడు. మా ఇళ్లలో తండ్రి చుట్టపు చూపు మనిషే, ఏ సంగతైనా తేల్చేది మేనమామ. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, చాలాసేపు ఎండిపోయిన మేకల గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతికి వచ్చాడు. అక్కకు చూపు ఆనడం లేదు, పిల్లకు నేర్పేటప్పుడు తప్పు ఎలా కనిపెడుతుంది, నూరిస్ కూర్చుంటే మంచిదేమో అన్నాడు. నూరిస్ అంటే నేను.

“కళ్లతోనా నేను అల్లేది?” అంది పెద్దమ్మ. “కళ్లున్నవాళ్లు అల్లిన చెత్త చూడాలంటే శనివారం బడి దగ్గరికి పోయి చూడు.”

మామ నసిగాడు. అప్పుడు పెద్దమ్మే మార్గం చెప్పింది. ఈ నెల రోజుల్లో తనొక ఒంటిపోగు సంచి అల్లుతుంది. ఎవరి చేతనో శనివారం నా దగ్గరికి పంపిస్తుంది, తనదని చెప్పదు. నేను తప్పు పట్టలేకపోతే లోపల తను కూర్చుంటుంది. పట్టానా, ఆ గుడిసె దరిదాపులకు రాదు, సూది కూడా ముట్టదు.

“నూరిస్ నీ చేయి గుర్తుపట్టదా ఏంటి?” అన్నాడు మామ.

“పట్టనీ. దాని కన్ను పాపిష్టి కన్ను. అమ్మ అల్లినా వదలదు. నేను పెంచింది కదా.”

అలా అని నవ్వింది. గర్వంగానే నవ్వింది. సరేనా అని మామ నన్నడిగితే, నాకు సంచులు తెలుసు గానీ మనుషులు తెలీదని కోతలు కోశాను. పెద్దమ్మ మెచ్చుకోలుగా తల ఊపింది.

ఆ నెలంతా ఆమె వంటపాక వెనక నీడలో కూర్చుని అల్లింది. చెంతా వచ్చి నల్లనూలు ఒక సొరబుర్రలో, ఎరుపు ఒకదానిలో, తెలుపు ఒకదానిలో పెట్టి ఇచ్చి వెళ్లేది. ఏ బుర్ర ఎక్కడుందో పెద్దమ్మ చేతికి తెలుసు. పెదాలు కదుపుతూ గళ్లు లెక్కపెట్టుకునేది. అటుగా ఎవరి అడుగు వినిపించినా సంచి గౌను కింద దాచేసేది. చూలు మేక ఒకటి పడిపోతే ఇల్లంతా పరుగెత్తాం గానీ ఆమె లేవలేదు, లెక్క తప్పుతుందంది. నేను దూరం నుంచి చూసేదాన్ని. వేళ్లు తడబడతాయేమో, పోగు జారుతుందేమో అని చూసేదాన్ని. కోరుకున్నాను కూడా.

దెల్మిరాకు మొక్కజొన్న గంజి తీసుకెళ్లేది నేనే. మూడో వారంలో అనుకుంటా, గంజి తాగి గిన్నె ఇస్తూ, నా పక్కన ఎవరు కూర్చుంటారక్కా అని అడిగింది. ఇంకా తేలలేదన్నాను.

“పెద్దమ్మనే పంపించక్కా. నువ్వు వద్దు.”

“నేనేం చేశానే?”

“నువ్వు అందరివీ విప్పేస్తావంటగా. పెద్దమ్మ కూడా విప్పుద్దిగానీ, ఆమె విప్పితే నేర్చుకోవాలనిపిస్తుంది.”

పన్నెండేళ్ల పిల్ల, ఊయలలో కాళ్లు ఊపుకుంటూ అంది. దానికి పెద్దమ్మ ఇంకా ఒక్క గడి కూడా నేర్పలేదు, ఒక్కటీ విప్పించలేదు. నా గోళ్లు అరిగిన రెండేళ్లూ దానికి తెలీదు. గిన్నె తీసుకుని వచ్చేశాను. వంటపాక దాకా కోపంగా, విసవిసా నడిచాను.

ఆ నెల నాలుగో శనివారం చెంతా ఒక సంచి తెచ్చింది. అరుగు నిండా ఆడవాళ్లున్నారు. పెద్దమ్మ కూడా కర్ర పట్టుకుని వచ్చి, కాలక్షేపానికి వచ్చానన్నట్టు అరుగు చివర తుమ్మచెట్టు నీడలో కూర్చుంది. మామ బండికి ఆనుకుని నిలబడ్డాడు. చెంతాకు అబద్ధం ఆడడం చేతకాదు. ఇది నేనే అల్లాను అని, అడక్కుండానే రెండుసార్లు చెప్పింది.

నేల మీద పెట్టాను. నిటారుగా నిలబడింది. అడుగున వేలు పెట్టాను. ఐదో వరుస దగ్గరికి వచ్చేసరికే తెలిసిపోయింది. ప్రతి చుట్టు మొదట్లో పోగును ఒక పిసరు ఎక్కువ లాగి, తర్వాత వదులుతుంది పెద్దమ్మ. నేనూ అలాగే లాగుతాను, ఇంకెవరూ లాగరు. చెంతా ఏడు జన్మలెత్తినా అలాంటి అడుగు వేయలేదు.

లోపలికి తిప్పాను. ముడి లేదు. వేలాడే పోగు లేదు. తాబేటి డిప్పలు నల్లగా, అంచులు ఎర్రగా, వరుసలు తీరి ఉన్నాయి. గళ్లు లెక్కపెట్టాను. మూతి దాకా వచ్చి మళ్లీ అడుగు నుంచి లెక్కపెట్టాను. పట్టీ చూశాను, మూతి తాడు చూశాను, కుచ్చులు కూడా విప్పదీసి చూశాను. నా ఒళ్లో అంత మంచి సంచి అంతకు ముందు పడలేదు, ఆ తర్వాతా పడలేదు. ఒక్క తప్పు దొరికితే చాలనుకుని వెతికాను. దొరకలేదు.

అప్పటికే మర్లేనీ నా భుజం మీంచి తొంగి చూస్తోంది. ఇది మాత్రం నేను ఎవరికీ అమ్మను, నేనే ఉంచుకుంటాను అంది. ఆమెకు కూడా తెలిసిందంటే చూడండి.

“లెక్క తప్పింది,” అన్నాను.

ఆ మాట అనాలని ముందే అనుకున్నానా అంటే చెప్పలేను. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు, అది మాత్రం నేను చేసిందే.

చెంతా ముఖం పాలిపోయింది. ఎక్కడ తప్పింది, చూపించు అంది. నా పద్ధతి ప్రకారం ఆమె వేలు పట్టుకుని చూపించాలి. చూపించడానికి ఏముంది? అరుగు మీద అందరూ నా చేతుల వంకే చూస్తున్నారు. అప్పుడు చెట్టు కింది నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

“చూపించేదేముంది చెంతా? అది చూశానంటే చూసినట్టే.” ఆగి, మామూలుగా అంది. “విప్పమను.”

విప్పాను. పట్టీ కోసి, మూతి దగ్గర గడి తెంపి లాగాను. బిగువుగా అల్లిన సంచి అంత తొందరగా ఊడిరాదు. ఒక్కో వరుసా గింజుకుంటూ వచ్చింది. వేడి అన్నం చల్లారేంత సేపు పట్టింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మర్లేనీ మధ్యలో నా చేయి పట్టుకుని, ఇదైనా వదిలెయ్యమ్మా అంది. నేను విదిలించుకున్నాను. పెద్దమ్మ కదలకుండా కూర్చుని పోగు ఊడే చప్పుడు విన్నది. చివరికి అడుగు బిళ్ల కూడా ఊడిపోయి నా ఒళ్లో ముడతల నూలు కుప్ప మిగిలింది. ఇక ఆ దేవుడే దిగివచ్చినా దానిలో తప్పుందో లేదో తేల్చలేడు.

పెద్దమ్మ లేచి, కర్రతో దారి తడుముకుంటూ నా దగ్గరికి వచ్చి చేయి చాపింది. నూలు ఆ చేతుల్లో పెట్టాను. గౌను ఒడిలో పోసుకుంది.

“బాగా చూశావు,” అని, మామ ఉన్నవైపు తిరిగి, “రేపు నూరిస్‌ని లోపలికి పంపించు,” అని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు నేను గుడిసెలోకి వెళ్లాను. దెల్మిరా గోడవైపు తిరిగి కూర్చుని, సూది పట్టుకోవడం ఎలాగో చూపించమంది. నేర్పాను. తప్పు చేస్తే విప్పించాను. ఏడిస్తే చూడనట్టు ఊరుకున్నాను. దానికి చేయి బాగానే తిరిగింది. కానీ సంచి నా చేతికిచ్చే ముందు ప్రతిసారీ అది కళ్లు గట్టిగా మూసుకునేది. ఎందుకే అంటే ఏం లేదక్కా అనేది.

రెండు నెలలు దాటాక వాన పడింది. గుంటల్లో నీళ్లు చేరాయి, మిగిలిన మేకలు బతికాయి. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినడానికి బయటికి వస్తే వంటపాక వెనక పెద్దమ్మ కూర్చుని ఉంది. ఒడిలో ఆ నూలే ఉంది. ఉండ చుట్టలేదు. అదే పోగును ఈ చివర నుంచి ఆ చివరకు వేళ్ల మధ్య లాగుతోంది. విప్పిన నూలు గడి గడికీ ముడత పడి ఉంటుంది, తడిమితే తెలుస్తుంది. నా అడుగు విని పిలిచింది. ఈసారి చెంతా అనుకోలేదు.

“నూరిస్, ఒక మాట అడుగుతా. కోపం కాదు, తెలుసుకుందామని. ఈ ముడతలన్నీ లెక్కపెట్టానే, ఒకసారి కాదు, ఈ రెణ్నెల్లూ లెక్కపెట్టా. తప్పు ఎక్కడుందో నాకు దొరకట్లేదు. ఏ వరుసలో పోయింది?”

ఆమె ముఖం నావైపు ఉంది, తెల్ల కళ్లు నా చెవి పక్కన ఎక్కడో చూస్తున్నాయి. అనుమానం లేదు ఆ ముఖంలో. చిన్నప్పుడు నేనెలా అడిగేదాన్నో అలా అడుగుతోంది. తప్పు లేదు పెద్దమ్మా అంటే అయిపోయేది. గుడిసె తలుపు పది అడుగుల దూరంలో ఉంది. లోపల దెల్మిరా ఉంది, ఇంకా సగమే నేర్చుకుంది, సగం మిగిలే ఉంది.

“ముప్పై ఒకటో వరుస,” అన్నాను.

“డిప్ప మొదలయ్యే చోటా?”

“అవును.”

“నల్ల గళ్లా, ఎర్రవా?”

“నల్లవి.”

ఆమె వేళ్లు పోగు మీద ఆగాయి. పెదాలతో ఏదో లెక్కవేసుకుంది. “అక్కడ ఏడు వేశానే. బాగా గుర్తు, ఏడు.”

“ఆరే ఉన్నాయి పెద్దమ్మా.”

ఆమె నూలు పక్కన పెట్టి, రెండు చేతులూ ముఖం దగ్గరికి తెచ్చుకుని, కనిపిస్తాయేమో అన్నట్టు అటూ ఇటూ తిప్పింది.

“కళ్లే పోయాయనుకున్నా,” అంది. “వేళ్లు కూడా పోయాయన్నమాట.”

లోపలికి వెళ్లు, పిల్ల ఒంటరిగా ఉంది అని నన్ను పంపేసింది.

వానలు వెనకబట్టాక దెల్మిరా బయటికి వచ్చింది. డోలు కొట్టారు, కొత్త ఎర్ర గౌను వేశారు, రెండు మేకల్ని కోశారు. ఆడవాళ్లు దాని సంచి లోపలికి తిప్పి చూసి, ఇది నూరిస్ చేయి అన్నారు. నేను కోరుకున్న మాటే. చెవులారా విన్నాను. దెల్మిరా మాత్రం పెళ్లి చేసుకుని మానౌరే ఉప్పు మళ్ల వైపు వెళ్లిపోయాక మళ్లీ సంచి అల్లలేదు.

పెద్దమ్మ ఇంకో తొమ్మిదేళ్లు బతికింది. చుట్టుపక్కల ఆడవాళ్లు ఆమె మీద గౌరవం కొద్దీ సంచులు తెచ్చి చేతిలో పెట్టి, ఎలా ఉందో చెప్పమనేవాళ్లు. ఆమె తడిమి చూసేది కూడా కాదు. నా వేళ్లు అబద్ధం చెబుతాయమ్మా, నూరిస్‌ని అడగండి అని తిప్పి ఇచ్చేసేది. వాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లు, నేను చూసి చెప్పేదాన్ని.